కాస్ కంపానియన్ బొమ్మలు: అసలు శిల్పమా, అమ్ముకునే సరుకా? (చర్చ)

గోడరాతలు:
అందరికీ నమస్తే. కాస్ మీద ఒక మంచి చర్చ జరగాలని ఎప్పట్నుంచో ఉంది, ఇవాళ నేనే మొదలుపెడుతున్నా. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. కాస్ (KAWS) ఒక అమెరికన్ ఆర్టిస్ట్, అసలు పేరు బ్రయాన్ డానెలీ, 1974 లో న్యూజెర్సీలోని జెర్సీ సిటీలో పుట్టాడు, కుర్రతనంలో గోడల మీద గ్రాఫిటీ, తర్వాత న్యూయార్క్ స్కూల్ ఆఫ్ విజువల్ ఆర్ట్స్ లో ఇలస్ట్రేషన్ చదివి 1996 లో బయటికొచ్చాడు, కొన్నాళ్లు యానిమేషన్ స్టూడియోలో వెనకాల కనిపించే సీన్లకి రంగులేశాడు. ఆ కళ్ల దగ్గర ఇంటూ గుర్తులు, తల పక్కన అడ్డంగా ఎముకలు ఉండే కంపానియన్ బొమ్మని మీరంతా ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు.

నేను చెప్పాలనుకునేది ఒక్కటే. చాలామంది ఆ వినైల్ (ఒక రకం మెత్తటి ప్లాస్టిక్) బొమ్మల్ని "పెద్ద శిల్పాలకి చిన్న కాపీలు, మ్యూజియం షాపులో జ్ఞాపికలాంటివి" అనేస్తున్నారు. అసలు వరుస తిరగేసి చూడండి. 1999 లో జపాన్ లో బౌంటీ హంటర్ అనే బ్రాండ్ తో కలిసి చేసిన దాదాపు 8 అంగుళాల వినైల్ కంపానియనే ముందు. కంచు, కొయ్య, ఫైబర్ గ్లాస్ లో చేసిన నిలువెత్తు బొమ్మలన్నీ ఆ తర్వాతవే. అంటే అల్మారాలో పట్టే బొమ్మ తల్లి, ప్లాజాలో నిలబడ్డది దాని బిడ్డ. అందుకే బొమ్మని చిన్నచూపు చూస్తే నాకు నచ్చదు.

సూటిమాట:
గోడరాతలు గారూ, వరుస సంగతి ఒప్పుకుంటా కానీ ముందు వచ్చినంత మాత్రాన గొప్పది అయిపోదు కదండీ. ఆ బొమ్మలో ఆయనది ఏముంది చెప్పండి. ఒళ్లు మిక్కీ మౌస్ ది, చేతికి తెల్ల గ్లవ్స్, పొట్టి నిక్కరు, మీద రెండు బటన్లు, ఈయన తల మార్చి కళ్లలో ఇంటూ గుర్తులు పెట్టాడు. ఆయన ఇంకో పాత్ర చమ్ చూస్తే మిషెలిన్ టైర్ల కంపెనీ యాడ్ బొమ్మ. ఆయన కింప్సన్స్ అంటే సింప్సన్స్ కార్టూన్, కాస్‌బాబ్ అంటే స్పాంజ్‌బాబ్ కార్టూన్. అన్నీ ఇంకొకళ్లు కష్టపడి పుట్టించిన పాత్రలే. 2019 ఏప్రిల్ లో హాంకాంగ్ సదబీస్ వేలంలో "ది కాస్ ఆల్బమ్" అనే పెయింటింగ్ దాదాపు 11.6 కోట్ల హాంకాంగ్ డాలర్లకి పోయింది, అమెరికన్ డాలర్లలో 1.48 కోట్లు దగ్గర దగ్గర. ఆ పెయింటింగ్ ఏంటయ్యా అంటే బీటిల్స్ ఆల్బమ్ అట్టని సింప్సన్స్ వాళ్లు పేరడీ చేస్తే దానికి ఈయన చేసిన పేరడీ. వేలానికి ముందు అంచనా 60 నుంచి 80 లక్షల హాంకాంగ్ డాలర్లే. ఇంత గాలి కొట్టింది కళా లేక మార్కెట్టా?

రాత్రిరంగులు:
సూటిమాట గారూ, పాత్రలు తెచ్చుకున్నవే, అందులో దాపరికం లేదు. కానీ ఎందుకు తెచ్చుకున్నాడో తెలియాలంటే బొమ్మల కంటే ముందు బస్ షెల్టర్ల దగ్గరికి వెళ్లాలి, అది చూడకుండా కాస్ గురించి ఏం మాట్లాడినా సగమే అవుతుందని నా గట్టి నమ్మకం.

90ల్లో న్యూయార్క్ లో బస్ షెల్టర్లు, ఫోన్ బూత్ ల అద్దాల వెనక ఫ్యాషన్ యాడ్స్ ఉండేవి. శాన్ ఫ్రాన్సిస్కో ఆర్టిస్ట్ బ్యారీ మెక్‌గీ ఈయనకి ఆ పెట్టెలు తెరిచే తాళంచెవి ఇచ్చాడు. అప్పుడు కాస్ ఏం చేసేవాడంటే, పోస్టర్ ని బయటికి తీసి ఇంటికి తీసుకెళ్లి, దాని మీద ఎక్రిలిక్ తో తన పుర్రె తలని, పాములా మెలికలు తిరిగిన ఒంటిని మోడల్ చుట్టూ చుట్టేసినట్టు వేసి, మళ్లీ తెచ్చి అదే పెట్టెలో పెట్టి తాళం వేసేవాడు. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే బ్రష్ గీత కనపడకూడదు, ప్రింట్ లో కలిసిపోవాలి, బస్ కోసం నిలబడ్డ మనిషికి ఇది కంపెనీ వేసిన యాడేనా వేరే ఎవరైనా కలిపారా అని ఒక్క క్షణం అర్థం కాకూడదు. కాల్విన్ క్లైన్, గెస్ లాంటి బ్రాండ్ల పోస్టర్ల మీద చేశాడు. గోడ మీద స్ప్రే కొట్టి పారిపోవడం వేరు, ఇది వేరు. యాడ్ భాషలోనే యాడ్ తో మాట్లాడటం ఇది.

మిక్కీ ఒళ్లు కూడా అంతే. అందరికీ చిన్నప్పట్నుంచి తెలిసిన ఆకారాన్ని తీసుకుని అందులో చావు గుర్తు పెట్టాడు. కొత్త పాత్ర అయితే ఆ గుచ్చుకోవడం ఉండదు. పోస్టర్ మీద ఒక్క పుర్రె చాలినట్టే, బొమ్మకి ఆ ఇంటూ కళ్లు చాలు.

వినైల్ అల్మారా:
రాత్రిరంగులు, పోస్టర్ల సంగతి బాగా చెప్పావు బ్రో. దానికి ఇంకొకటి కలుపుతా. ఆ పోస్టర్లు ఎందుకు ఆపేశాడు అంటే జనం అద్దాలు పగలగొట్టి ఎత్తుకెళ్లడం మొదలెట్టారు. వీధిలో పెట్టింది వీధిలో ఉండట్లేదు, పెట్టిన కాసేపటికే ఎవరో ఒకరి ఇంట్లోకి వెళ్లిపోతోంది. అప్పటికే జపాన్ లో బొమ్మ దొరికింది. అది మొదట్నుంచీ ఇంటికి తీసుకెళ్లడానికే పుట్టింది కాబట్టి దొంగతనం అవసరం లేదు. నాకైతే ఈ రెండూ ఒకే దారిలోవే అనిపిస్తాయి.

1999 కంపానియన్ మూడు రంగుల్లో వచ్చింది, ఒక్కో రంగు 500. అప్పట్లో గ్యాలరీల వాళ్లు పట్టించుకోలేదు, బట్టల షాపుల్లో, బొమ్మల షాపుల్లో అమ్ముడుపోయాయి. తర్వాత 2006 లో మెడికామ్ టాయ్ అనే జపాన్ బొమ్మల కంపెనీతో కలిసి టోక్యో అవోయామాలో ఒరిజినల్‌ఫేక్ అనే సొంత షాపు తెరిచాడు, 2013 దాకా నడిచింది. ఒంట్లో సగం కోసినట్టు లోపల పేగులు, ఎముకలు కనపడే కంపానియన్ ఉంటుంది చూడండి, అది ఆ షాపు కాలం నాటిదే. నాకు ఇప్పటికీ ఆయన చేసినవాటిలో అదే ఎక్కువ ఇష్టం. బయట కార్టూను, లోపల మనిషి.

మట్టిపని:
నేను శిల్పకళ చదువుతున్నా, కాబట్టి నా కళ్లు మార్కెట్ మీద కాకుండా భంగిమల మీద పడతాయి. ఇక్కడ ఎవ్వరూ దాని గురించి మాట్లాడట్లేదు, అది నాకు వెలితిగా ఉంది.

కార్టూన్ పాత్ర అంటే ఎప్పుడూ ఏదో ఒకటి చేస్తూ ఉంటుంది, పరిగెడుతుంది, నవ్వుతుంది, చేతులు ఊపుతుంది. కాస్ దాని చేత ఏ పనీ చేయించడు. 2010 లో వచ్చిన "పాసింగ్ త్రూ" చూడండి, కంపానియన్ కూర్చుని రెండు చేతులతో మొహం కప్పుకుని ఉంటుంది. మిక్కీ మౌస్ గ్లవ్స్ అసలు ఎందుకున్నాయి, నల్ల ఒంటి మీద చేతులు స్పష్టంగా కనపడటానికి కదా, అదే గ్లవ్స్ ఇక్కడ మొహం దాచడానికి పనికొచ్చాయి. "అలాంగ్ ద వే" లో రెండు కంపానియన్లు తలలు వంచుకుని ఒకదాని వీపు మీద ఒకటి చెయ్యేసి నిలబడతాయి, కొయ్యతో చేసింది, 18 అడుగుల ఎత్తు, 2015 లో బ్రూక్లిన్ మ్యూజియం లాబీలో పెట్టారు. "గాన్" లో కంపానియన్ తన చేతుల మీద స్పృహ లేకుండా వేలాడుతున్న బిఎఫ్‌ఎఫ్ అనే ఇంకో కాస్ పాత్రని మోస్తూ ఉంటుంది. అది చూడగానే ఏసుని ఒళ్లో పెట్టుకున్న మేరీ శిల్పం గుర్తురాకపోతే ఆ మనిషి శిల్పం ఎప్పుడూ చూడనట్టే లెక్క.

ఇంకో విషయం, కళ్లు లేని మొహంతో భావం పలికించడం చాలా కష్టం. కనుపాప లేదు, కనుబొమ్మ లేదు, నోరు లేదు. మెడ ఎంత వంగింది, భుజం ఎంత జారింది, పాదాలు లోపలికి తిరిగాయా బయటికా, ఇవే ఆయన దగ్గరున్న సాధనాలు. మా క్లాసులో భుజం రెండు డిగ్రీలు దించితే బొమ్మ అలిసిపోయినట్టు అవుతుంది, ఇంకో రెండు దించితే చచ్చిపోయినట్టు అవుతుంది అని చెప్పి చెప్పి మమ్మల్ని రాచి రంపాన పెడతారు. ఆయన చేతిలో ఆ కొలత ఎప్పుడూ తప్పదు. దీన్ని "తల మార్చాడు అంతే" అని తీసిపారేయొద్దు సూటిమాట గారూ.

సూటిమాట:
మట్టిపని గారు చెప్పింది చదివి ఆ బొమ్మల ఫోటోలు మళ్లీ వరసగా చూశా. భంగిమలో పని ఉంది, కాదనను. నా గొడవ వేరే చోట. ఆ "పాసింగ్ త్రూ" దుఃఖమే బొమ్మగా వస్తుంది, మూడు నాలుగు రంగుల్లో వస్తుంది, అదే ఆకారం టీషర్ట్ మీద వస్తుంది, 2012 లో న్యూయార్క్ లో మేసీస్ షాపు వాళ్ల పెరేడ్ లో బెలూన్ గా ఎగురుతుంది, 2013 లో ఎంటీవీ అవార్డు బొమ్మ కూడా ఆయన ఆకారంలోకి మారుతుంది. మొహం దాచుకుని కూర్చున్న బాధని అన్ని చోట్లా, అన్ని సైజుల్లో చూశాక అది బాధగా మిగులుతుందా? బస్ షెల్టర్ లో యాడ్ ని ప్రశ్నించినవాడు ఇప్పుడు తనే యాడ్ అయ్యాడని నాకు అనిపిస్తోంది. 2019 లో చైనాలో యూనిక్లో అనే బట్టల కంపెనీ అమ్మిన కాస్ టీషర్ట్ ల కోసం జనం షాపు షట్టర్ కింద నుంచి దూరి, షాపులో బట్టలు తొడిగి నిలబెట్టే బొమ్మల ఒంటి మీది టీషర్ట్ లు కూడా లాగేసుకున్న వీడియోలు చూశాక ఆ మాట ఇంకా గట్టిగా అనాలనిపిస్తోంది.

గోడరాతలు:
ఈ ప్రశ్న చాలా పాతదండి, కాస్ తో పుట్టలేదు. 1961 డిసెంబర్ లో క్లేస్ ఓల్డెన్‌బర్గ్ న్యూయార్క్ ఈస్ట్ సెకండ్ స్ట్రీట్ లో ఒక దుకాణం అద్దెకి తీసుకుని, ప్లాస్టర్ తో చేసి రంగులేసిన తిండి వస్తువులు, బట్టలు అమ్మాడు, దాని పేరే "ది స్టోర్". కీత్ హారింగ్ ఇంకా దగ్గర. 80ల మొదట్లో సబ్‌వే స్టేషన్లలో ఖాళీగా ఉన్న యాడ్ పలకల మీద అంటించిన నల్ల కాగితం మీద చాక్‌పీస్ తో గీశాడు, 1986 లో లఫాయెట్ స్ట్రీట్ లో పాప్ షాప్ తెరిచి టీషర్ట్ లు, బ్యాడ్జీలు అమ్మాడు. అప్పుడూ ఇదే తిట్టు తిట్టారు. హారింగ్ 1990 లో పోయాడు, షాపు మాత్రం 2005 దాకా నడిచింది, ఇవాళ ఆయన్ని వ్యాపారి అనేవాళ్లు ఎంతమంది ఉన్నారు? ఇద్దరూ యాడ్ పెట్టే చోట నుంచే మొదలయ్యారు చూడండి, హారింగ్ ఖాళీ పలక వాడుకున్నాడు, కాస్ నిండిన పెట్టె తెరిచాడు.

బొమ్మ సంగతికొస్తే, గ్యాలరీలోకి అడుగుపెట్టడానికే భయపడే పిల్లాడు బొమ్మల షాపులోకి మాత్రం ధైర్యంగా వెళ్తాడు. ఆ పిల్లాడికి శిల్పం అంటే ఏంటో మొదట చూపించింది ఈ వినైలే. టీషర్ట్ ల కోసం కొట్టుకోవడం నాకూ బాధే, కానీ ఆ తోపులాట కొనేవాళ్లది, గీసినవాడి గీతలో అది లేదు.

వినైల్ అల్మారా:
డబ్బు గురించి ఒక మాట. ఆ 1.48 కోట్ల డాలర్లలో ఒక్క డాలర్ కూడా కాస్ కి నేరుగా వెళ్లలేదని గుర్తుపెట్టుకోండి. ఆ పెయింటింగ్ 2005 లో ఎ బేతింగ్ ఏప్ అనే బట్టల బ్రాండ్ పెట్టిన నిగో కోసం వేసింది, 2019 లో అమ్మింది నిగో కలెక్షన్. వేలం అయ్యాక కాస్ ఇన్‌స్టాగ్రామ్ లో తన పని ఇంత ధరకి పోవాలని తను అనుకోవట్లేదనీ, రోజూ వచ్చే టైంకే ఆ రోజూ స్టూడియోకి వచ్చాననీ రాశాడు. నాకు ఆ మాట చాలా నచ్చింది.

బొమ్మల్లో కూడా రీసేల్ వాళ్లు చేసే ఆటకి ఆర్టిస్ట్ ని తిట్టడం న్యాయం కాదు. 2016 లో లెక్క పెట్టకుండా ఓపెన్ ఎడిషన్ గా కంపానియన్ వదిలాడు, అంటే అరుదు అనే పేరుతో ధర పెంచే పని తనే తగ్గించాలని చూశాడు. 2017 మే లో న్యూయార్క్ మోమా (మోడర్న్ ఆర్ట్ మ్యూజియం) డిజైన్ స్టోర్ లో 200 డాలర్లకి పెడితే ఆన్‌లైన్ సైట్ కుప్పకూలింది. కొన్నవాళ్లలో సగం మంది డబ్బా కూడా విప్పకుండా మర్నాడే రెండు మూడింతలకి పెట్టుంటారు అని నా అనుమానం. బొమ్మ డబ్బాలోనే ఉండిపోతే మట్టిపని చెప్పిన ఆ మెడ వంపు ఎవరు చూస్తారు? దయచేసి బయటికి తీసి పెట్టుకోండి, నా విన్నపం.

కొత్తచిగురు:
అన్నలూ అక్కలూ, నేను ఇందులోకి కొత్త. ఒక కంపానియన్ కొనుక్కోవాలని ఆశ. కానీ నెట్ లో చూస్తే అసలు ధరలో పదో వంతుకి కూడా దొరుకుతున్నాయి, అన్నీ నకిలీలేనా? ఎలా కనిపెట్టాలి? పెయింట్ చూసి చెప్పగలమా? ఇంకా వినైల్ జిగురుగా మారుతుంది అంటున్నారు, అది నిజమేనా?

వినైల్ అల్మారా:
తమ్ముడూ, పదో వంతు ధర అంటే ఇంకేమీ చూడక్కర్లేదు, నకిలీయే. కంపానియన్ లు నకిలీ చేసేంతగా ఇంకే బొమ్మలూ చేయరేమో. 2021 లో కాస్ స్వయంగా న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో నకిలీలు అమ్మేవాళ్ల మీద కేసు వేశాడు, పరిస్థితి అంత దూరం వెళ్లింది.

చూడాల్సినవి చెప్తా, ఓపిగ్గా చదువు. ముందు ఇంటూ గుర్తుల అంచులు. అసలుదాంట్లో గీత అంచు కత్తితో కోసినట్టు శుభ్రంగా ఉంటుంది, నకిలీలో రంగు కొంచెం పొంగి పక్కకి పాకుతుంది. తర్వాత గ్లవ్స్ మీద గీతలు, బటన్ల చుట్టూ. ఆ తర్వాత కీళ్లు, తల తిప్పి చూడు, చెయ్యి తిప్పి చూడు, బిగుతుగా మెత్తగా తిరగాలి, లొడలొడలాడినా మధ్యలో సందు కనపడినా అనుమానించు. పాదం అడుగున అచ్చు అక్షరాలు ఉంటాయి, పేరు, సంవత్సరం, మెడికామ్ గుర్తు. నకిలీలో అక్షరాల మూలలు మొద్దుబారి ఉంటాయి, ఎందుకంటే అసలు బొమ్మ నుంచే అచ్చు తీస్తారు కాబట్టి ప్రతిసారీ వివరం కొంచెం కొంచెం పోతుంది, సైజు కూడా వెంట్రుకవాసి తగ్గుతుంది. పక్కన అసలుది పెట్టి కొలిస్తే తెలిసిపోతుంది. డబ్బా మీద ప్రింట్ రంగు కూడా చూడు. కానీ డబ్బాని మాత్రమే నమ్మొద్దు, ఖాళీ అసలు డబ్బాలు కొని లోపల నకిలీ పెట్టి అమ్మేవాళ్లు ఉన్నారు. అన్నిటికంటే ముఖ్యం మొదట కొన్న రసీదు. అది అడిగితే కోపం తెచ్చుకునే అమ్మకందారు దగ్గర కొనకు.

జిగురు సంగతి నిజమే. ఇవి పీవీసీ, మెత్తగా ఉండటానికి అందులో ప్లాస్టిసైజర్ కలుపుతారు. వేడిలో, గాలాడని చోట ఏళ్ల తరబడి పెడితే అది మెల్లగా పైకి చెమట పట్టినట్టు వచ్చి జిగురవుతుంది, దుమ్ము అంటుకుంటుంది. ఎండ పడితే లేత రంగులు పసుపెక్కుతాయి, తెల్లవి, లేత బూడిదవి మరీనూ. రెండు బొమ్మల్ని ఆనించి పెట్టకు, ముదురు రంగు లేతదానికి దిగుతుంది, ఆ మరక ఇక పోదు. తుడవడానికి గోరువెచ్చని నీళ్లలో కాస్త తేలిక సబ్బు, మెత్తటి గుడ్డ చాలు. స్పిరిట్, థిన్నర్ దగ్గరికి కూడా రానివ్వకు, పెయింట్ లేచిపోతుంది.

మట్టిపని:
దీనికి తోడు, అది ఎలా తయారవుతుందో తెలిస్తే లోపాలు ఇంకా బాగా కనపడతాయి. జపాన్ లో 60ల్లో వచ్చిన రాక్షస బొమ్మల నుంచి నడుస్తున్న మెత్తటి వినైల్ పద్ధతి ఒకటుంది, సోఫుబి అంటారు. మైనంతో మూలబొమ్మ చేసి, దాని మీద రాగి పూత పెంచి అచ్చు చేస్తారు. అందులో ద్రవ వినైల్ పోసి వేడి చేస్తే గోడలకి ఆనుకున్న పొర గట్టిపడుతుంది, మిగిలింది వంపేస్తారు, మళ్లీ వేడి చేసి, ఇంకా మెత్తగా ఉండగానే పట్టుకారుతో లోపలి నుంచి లాగేస్తారు. గుండ్రటి తల అంత చిన్న మెడ కన్నంలోంచి ఎలా వస్తుందా అని మొదటిసారి చూసినవాళ్లకి ఆశ్చర్యం. అందుకే ఈ బొమ్మల్లో అంత నునుపైన గుండ్రటి రూపాలు కుదురుతాయి, కంపానియన్ ఆకారం ఈ పద్ధతికి అచ్చంగా సరిపోయింది. తర్వాత కంచులో, ఫైబర్ గ్లాస్ లో చేసినా ఆ ఉబ్బిన నునుపు అలాగే ఉంచాడు, అంటే వినైల్ స్వభావాన్ని కంచుకి నేర్పాడు. మొదటి పోస్ట్ లో గోడరాతలు గారు తల్లీబిడ్డా అన్నది పదార్థం వైపు నుంచి చూసినా నిజమే.

నీలిగీత:
ఆలస్యంగా వచ్చా, అన్నీ చదివా. నాకు గాలి బొమ్మల గురించి చెప్పాలనుంది. 2018 లో సియోల్ లో సోక్‌చోన్ సరస్సు మీద 28 మీటర్ల కంపానియన్ వెల్లకిలా తేలింది, 2019 మార్చిలో హాంకాంగ్ విక్టోరియా హార్బర్ లో 37 మీటర్లది, అదే ఏడాది ఫుజి పర్వతం దగ్గర పడుకోబెట్టారు. 2023 లో ఇండోనేషియా ప్రంబనన్ గుడుల దగ్గర కూడా. హాలిడే అని ఆ వరసకి పేరు. సియోల్, హాంకాంగ్ లో వాటిని చూడటానికి టికెట్ అవసరం లేదు, హార్బర్ పక్కన ఆఫీసుకి వెళ్లేవాళ్లు కూడా చూశారు. నాకు వీధి కళ అంటే అదే. ఎవరి అనుమతీ అడగకుండా గోడ మీద వేయడం ఒక్కటే వీధి కళ కాదు, దారిన పోయేవాడు వద్దన్నా కంటపడాలి.

అంత పెద్ద ఒళ్లు ఏమీ చేయకుండా నీళ్ల మీద పడుకోవడం నాకు చాలా ఊరట. నగరం మధ్యలో కూర్చుని ఊరుకునే హక్కు మనకి లేనట్టు బతుకుతున్నాం కదా.

సూటిమాట:
నీలిగీత గారూ, ఊరట మీది, కానీ ఆ వరస అంతా స్పాన్సర్లతో, అనుమతులతో, పక్కనే అమ్మే బొమ్మలతో వచ్చింది. సియోల్ ది లోటే అనే కంపెనీ వాళ్ల టవర్ పక్కనే. వీధి పేరు చెప్పి వీధిని అద్దెకి తీసుకోవడం అంటాను నేను. బస్ షెల్టర్ కి తాళంచెవి తెచ్చుకున్న కుర్రాడికీ దీనికీ చాలా దూరం, ఆ దూరం గురించి ఆయన పని ఎక్కడా మాట్లాడదు, అదే నా అసంతృప్తి. ఆ కుర్రాడి పని మాత్రం నాకు ఇష్టం, అది ఈ థ్రెడ్ కి ముందు కూడా ఇష్టమే.

రాత్రిరంగులు:
మీ అసంతృప్తి అర్థమైంది, ఒప్పుకోకపోయినా అర్థమైంది. ఆ దూరం గురించి పని మాట్లాడదు అన్నారు చూశారా, నాకు మాత్రం ఆ మొహం దాచుకున్న చేతుల్లోనే అది కనపడుతుంది. ఇంత ప్రసిద్ధి వచ్చిన బొమ్మ జనాన్ని చూడలేక కళ్లు మూసుకుంటోంది. పెరేడ్ లో ఎగిరిన ఆ బెలూన్ కూడా మొహం కప్పుకునే ఎగిరింది, గుర్తుందా? లక్షల మంది ముందు. ఆయన చెప్పాల్సింది అక్కడ చెప్పేశాడని నా నమ్మకం.

కొత్తచిగురు:
వినైల్ అల్మారా అన్నకి చాలా థాంక్స్, రసీదు అడగమన్నారు కదా, నేను చూసిన అమ్మకందారుని అడిగితే మెసేజ్ కి జవాబే ఇవ్వలేదు, వదిలేశా. ఇంకో డౌట్. ఒక్కటే కొనగలిగితే ఏది? నిలబడ్డ మామూలు కంపానియనా, పాసింగ్ త్రూ నా?

మట్టిపని:
పాసింగ్ త్రూ. నిలబడ్డది ముందు నుంచి చూస్తే సరిపోతుంది. కూర్చున్నది అలా కాదు, చుట్టూ తిరిగి చూడాలి, వెనక నుంచి వీపు వంపు, పక్క నుంచి మోకాళ్లకీ మోచేతులకీ మధ్య ఖాళీ. శిల్పం నేర్చుకోవాలనుకుంటే అదే మంచి గురువు.

వినైల్ అల్మారా:
నేను మాత్రం ఓపెన్ ఎడిషన్ నిలబడ్డదే చెప్తా. ఎక్కువ తయారైంది కాబట్టి ధర కొంచెం అందుబాటులో ఉంటుంది, పోల్చి చూడటానికి ఫోటోలు బోలెడు దొరుకుతాయి, నకిలీ పట్టుకోవడం తేలిక. మొదటిదానికి అది చాలు. కోసిన ఒంటిది కావాలంటే కొన్నాళ్లు ఆగు, చేతిలో ఒక అసలు బొమ్మ బరువు, నునుపు తెలిశాక వెతుకు.

సూటిమాట:
కొత్తచిగురు, కొనే ముందు ఒక పని చెయ్యి. 2021 లో బ్రూక్లిన్ మ్యూజియం పెట్టిన "వాట్ పార్టీ" ప్రదర్శన ఫోటోలు వెతుకు. బొమ్మలు, పెద్ద శిల్పాలే కాదు, పాత గ్రాఫిటీ, స్కెచ్ పుస్తకాలు, రంగు పూసిన యాడ్ పోస్టర్లు కూడా పెట్టారు. ముందు పోస్టర్ల దగ్గర ఎక్కువసేపు ఆగు, ఆ తర్వాత బొమ్మ చూడు. అప్పటికీ కొనాలనిపిస్తే కొనుక్కో, నేనేమీ అనను.